డెబియన్ నేర్చుకోవాలంటే డాక్యుమెంటేషన్ ఎక్కడ వెతకాలి, దేన్ని నమ్మాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ 12 వేసుకుని రెండు నెలలైంది. వీడియోలు, బ్లాగులు చూసి నేర్చుకుంటున్నారు. ఒక్కోచోట ఒక్కోలా చెబుతున్నారు, సగం కమాండ్లు మీ మెషీన్‌లో పనిచేయడం లేదు. లాగ్ (సిస్టమ్‌లో జరిగినవాటి రికార్డు) చూడాలంటే సిస్‌లాగ్ ఫైలు తెరవమని నాలుగైదు చోట్ల చదివారు, మీ దగ్గర అసలు ఆ ఫైలే లేదు. ఇన్‌స్టాలేషన్‌లోనే ఏదో తప్పు జరిగిందేమోనని టెన్షన్ పడుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, దేన్ని నమ్మాలి, డబ్బు కట్టి కోర్సులో చేరాలా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మీ ఇన్‌స్టాలేషన్ బాగానే ఉంది. కోర్సు ఇప్పుడే అక్కర్లేదు. మీరు మొట్టమొదట నమ్మాల్సిన డాక్యుమెంటేషన్ మీ మెషీన్‌లోనే ఉంది, మీ వెర్షన్‌తో పాటే వచ్చింది. దాని తర్వాత డెబియన్ వాళ్లు మీ వెర్షన్ కోసం రాసిన రిలీజ్ నోట్స్ (ఆ వెర్షన్‌లో వచ్చిన మార్పుల వివరాలు), గైడ్లు. ఆ తర్వాత మంచి వికీలు. బ్లాగులు, వీడియోలు అన్నిటికంటే చివర. చాలామంది దీన్ని పూర్తిగా తలకిందులుగా చేస్తారు. మొదటి కొన్నేళ్లు నేనూ అలాగే చేశాను, దానివల్ల జరిగిన నష్టాలు కింద చెబుతాను.

(కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.)

ముందు మీ సిస్‌లాగ్ సంగతి చూద్దాం. 2023 జూన్‌లో విడుదలైన డెబియన్ 12, అంటే బుక్‌వర్మ్, కొత్తగా వేసుకుంటే ఆ సిస్‌లాగ్ ఫైలు రాసే ఆర్‌సిస్‌లాగ్ ప్యాకేజీ దానంతట అది రాదు. లాగులన్నీ సిస్టమ్‌డీ (సర్వీసులను, అంటే వెనక నడిచే ప్రోగ్రాములను, నడిపే టూల్) జర్నల్‌లోకి వెళ్తాయి. వాటిని జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో చూడాలి. ఈ మార్పు బుక్‌వర్మ్ రిలీజ్ నోట్స్‌లో స్పష్టంగా ఉంది. అంతకంటే ముఖ్యమైన విషయం ఇంకొకటి. మీరు ఆ ఫైలు కోసం వెతికిన వార్-లాగ్ డైరెక్టరీలోనే రీడ్‌మీ అనే పేరుతో ఒక చిన్న ఫైలు ఉంటుంది, తెరిచి చూడండి. పాత టెక్స్ట్ లాగుల కోసం వెతుకుతున్నారా, అవి ఎందుకు లేవో చెబుతాం అన్నట్టుగానే అది మొదలవుతుంది. మీకు వచ్చిన సందేహం మీ తర్వాత ఇంకా చాలామందికి వస్తుందని ఎవరో ముందే ఊహించి, సరిగ్గా వెతికే చోటే జవాబు రాసిపెట్టారు. మీరు మాత్రం ఆ డైరెక్టరీలోంచి బయటికొచ్చి నెట్‌లో వెతికారు.

బ్లాగులు రాసినవాళ్లు అబద్ధం రాయలేదు. వాళ్ల వెర్షన్‌కి అది నిజమే. చిక్కంతా ఏమిటంటే బ్లాగు మీద తేదీ ఉంటుంది కానీ అది ఏ వెర్షన్ మీద పరీక్షించి రాశారో తరచుగా ఉండదు. 2015లో వచ్చిన డెబియన్ 8 నుంచి సర్వీసులు నడిపే పని సిస్టమ్‌డీ చేతికి వెళ్లింది. 2017లో డెబియన్ 9 వచ్చేసరికి ఐఎఫ్‌కాన్ఫిగ్ కమాండ్ ఉండే నెట్‌టూల్స్ ప్యాకేజీ మామూలు ఇన్‌స్టాలేషన్‌లో రావడం ఆగిపోయింది, ఐపీ కమాండ్ వాడాల్సి వచ్చింది. అదే వెర్షన్ నుంచి కొత్త ఇన్‌స్టాలేషన్లలో నెట్‌వర్క్ కార్డు పేరు ఈటీహెచ్ 0 అని కాకుండా ఈఎన్‌పీ లాంటివాటితో మొదలయ్యే పొడుగాటి పేరుగా మారింది. 2014లో రాసిన మంచి వ్యాసం ఈ రోజు మీ చేత మూడు తప్పులు చేయిస్తుంది. అందుకే ఏది చదివినా ముందు మీ వెర్షన్ తెలుసుకోండి, తర్వాత ఆ వ్యాసం ఏ వెర్షన్ కోసమో చూడండి. మీ వెర్షన్, సెట్టింగుల ఫైళ్లు ఉండే ఈటీసీ డైరెక్టరీలోని ఓఎస్-రిలీజ్ ఫైలులో ఉంటుంది. వ్యాసంలో వెర్షన్ రాసి లేకపోతే దాన్ని ఒక సూచనగా మాత్రమే తీసుకోండి, అందులోని కమాండ్ అలాగే కాపీ చేసి కొట్టకండి.

ఇక అసలు విషయం, మ్యాన్ పేజీలు. అంటే మ్యాన్ అని కొట్టి పేరు ఇస్తే టెర్మినల్‌లో తెరుచుకునే మాన్యువల్ పేజీలు.

చాలామంది ఒకసారి తెరిచి, అర్థంకాక మూసేసి, మళ్లీ ఆ వైపు వెళ్లరు. కారణం నాకు తెలుసు. మ్యాన్ పేజీ పాఠం కాదు, నిఘంటువు లాంటిది. నిఘంటువుని మొదటి పేజీ నుంచి చదివి భాష నేర్చుకోలేం, కానీ భాష నేర్చుకునేటప్పుడు అది పక్కన లేకపోతే కుదరదు. దాన్ని వాడే పద్ధతి తెలిస్తే భయం పోతుంది.

మొదట తెలియాల్సింది సెక్షన్ నంబర్లు. లినక్స్ ఏ సిస్టమ్ తరహాలో తయారైందో ఆ యూనిక్స్ మొదటి మాన్యువల్ మీద 1971 నవంబర్ 3 అని తేదీ ఉంటుంది. దాని రూపకర్తలు థాంప్సన్, రిచీ కాలంలో చేసిన ఆ విభజనే చాలావరకు ఇప్పటికీ నడుస్తోంది. 1లో మామూలు కమాండ్లు, 5లో ఫైళ్ల ఫార్మాట్లు, 7లో సాధారణ విషయాలు, 8లో అడ్మినిస్ట్రేటర్ కమాండ్లు. మిగిలినవి ఎక్కువగా ప్రోగ్రాములు రాసేవాళ్లకి. ఒకే పేరుతో రెండు సెక్షన్లలో రెండు పేజీలు ఉండొచ్చు. నంబర్ ఇవ్వకపోతే మొదట దొరికిన పేజీ మాత్రమే కనిపిస్తుంది.

ఈ చిన్న సంగతి తెలియక నేను మూడు వారాల బ్యాకప్ పోగొట్టుకున్నాను. అప్పట్లో నేను చూసుకునే ఒక సర్వర్‌లో రోజూ రాత్రి డేటాబేస్‌ని టార్ చేసి (ఒకే ఫైలుగా కట్టి), ఫైలు పేరులో ఆ రోజు తేదీ వచ్చేలా క్రాన్‌లో (చెప్పిన సమయానికి కమాండ్లు నడిపే సర్వీసు) ఒక లైను రాశాను. డేట్ కమాండ్‌కి సంవత్సరం, నెల, రోజు కోసం శాతం గుర్తు (%) పెట్టి అక్షరాలు ఇస్తాం కదా, అలా. టెర్మినల్‌లో కొట్టి చూశాను, చక్కగా పనిచేసింది. క్రాన్‌లో పెట్టి మర్చిపోయాను. మూడు వారాల తర్వాత పాత కాపీ కావాల్సి వచ్చి చూస్తే ఒక్క ఫైలు కూడా లేదు. రెండు రోజులు నెట్‌లో వెతికాను. దొరికిన ప్రతి జవాబూ పాత్ వేరియబుల్ (కమాండ్లని ఏ డైరెక్టరీల్లో వెతకాలో చెప్పే సెట్టింగ్) సరిచేయమనే చెప్పింది. సరిచేశాను, ఫలితం లేదు. లాగ్‌లో చూస్తే నా కమాండ్ సగంలో, సరిగ్గా మొదటి శాతం గుర్తు దగ్గర తెగిపోయి ఉంది. అది కళ్లెదురుగా ఉన్నా నాకు అర్థం కాలేదు.

మ్యాన్ క్రాన్‌ట్యాబ్ అని అప్పటికే చదివాను. అందులో దీని గురించి ఏమీ లేదు, ఎందుకంటే అది సెక్షన్ 1, క్రాన్‌ట్యాబ్ అనే కమాండ్ గురించి చెప్పేది. మ్యాన్ 5 క్రాన్‌ట్యాబ్ అని కొడితే వచ్చేది ఆ ఫైలు ఎలా రాయాలో చెప్పే పేజీ. ఆ పేజీలో స్పష్టంగా ఉంది: కమాండ్‌లో శాతం గుర్తు ముందు వెనక్కి వాలిన గీత పెట్టకపోతే దాన్ని కొత్త లైనుగా మారుస్తారు, మొదటి శాతం గుర్తు తర్వాత ఉన్నదంతా ఆ కమాండ్‌కి ఇన్‌పుట్‌గా పంపుతారు. రెండు రోజులు పట్టిన సమస్యకి రెండు లైన్ల జవాబు, మొదటినుంచీ నా మెషీన్‌లోనే ఉంది. అప్పటి నుంచి ఏ కాన్ఫిగరేషన్ ఫైలు ముట్టుకున్నా, ముందు దాని సెక్షన్ 5 పేజీ ఉందేమో చూస్తాను. మీరు కూడా ఈ ఒక్క అలవాటు చేసుకోండి, మిగతావన్నీ నెమ్మదిగా వస్తాయి.

పేజీ తెరిచాక పైనుంచి కింది దాకా చదవక్కర్లేదు. ముందు వాలుగీత కొట్టి మీకు కావాల్సిన మాట వెతకండి, ఎన్ అక్షరంతో తర్వాతి చోటికి వెళ్లండి, క్యూతో బయటికి రండి. పైన ఉండే వాడుక లైనులో చతురస్ర బ్రాకెట్లలో ఉన్నది ఇవ్వకపోయినా పర్వాలేదు, మూడు చుక్కలుంటే ఎన్నైనా ఇవ్వొచ్చు అని అర్థం. చాలా పేజీల్లో చివర ఉదాహరణలు ఉంటాయి, కొత్తవాళ్లు అక్కడి నుంచి వెనక్కి చదివినా తప్పులేదు. అన్నిటికంటే చివర 'ఇవి కూడా చూడండి' అనే భాగం ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ నేను నేర్చుకున్నదాంట్లో చాలా భాగం ఆ దారి పట్టుకుని వెళ్లి నేర్చుకున్నదే. ఒక కమాండ్ కోసం వెళ్లి, దాని పక్కన ఉన్న ఇంకో రెండు తెలుసుకుని వస్తాం.

కమాండ్ పేరే తెలియనప్పుడు ఎలా? మ్యాన్‌కి కె అనే ఆప్షన్ ఇచ్చి ఒక ఇంగ్లిష్ మాట రాస్తే, ఆ మాట పేరులోనో ఒక్క లైను వివరణలోనో ఉన్న పేజీలన్నీ చూపిస్తుంది. పార్టిషన్ అని కొట్టి చూడండి. ఇంకో తికమక కూడా చెబుతాను. డైరెక్టరీ మార్చే సీడీ కమాండ్‌కి మ్యాన్ పేజీ అడిగితే డెబియన్‌లో లేదని వస్తుంది. అలాంటివి బాష్ షెల్ (మీరు కొట్టే కమాండ్లని అందుకుని నడిపే ప్రోగ్రామ్) లోపలే ఉంటాయి, వాటికి హెల్ప్ సీడీ అని కొట్టాలి. ఏది ఏ రకమో టైప్ అనే కమాండ్ చెబుతుంది. బాష్ మ్యాన్ పేజీ చాలా పెద్దది, ఇప్పుడే దాని జోలికి వెళ్లకండి. మొదట మ్యాన్ హయర్ చదవండి, ఏ డైరెక్టరీ దేనికో అందులో ఉంటుంది.

ఒక హెచ్చరిక. మీరు కంటైనర్‌లో (మెషీన్ లోపల విడిగా నడిచే చిన్న సిస్టమ్) నేర్చుకుంటుంటే, ముఖ్యంగా డెబియన్ స్లిమ్ ఇమేజీల్లో, సైజు తగ్గించడం కోసం మ్యాన్ పేజీలు తీసేసి ఉంటాయి. అక్కడ ఏమీ దొరకలేదని డాక్యుమెంటేషన్ లేదనుకోవద్దు. మ్యాన్ పేజీలు నెట్‌లో చదవాల్సి వస్తే డెబియన్ సొంత మ్యాన్ పేజీల సైటుకే వెళ్లండి. అక్కడ మీ రిలీజ్ పేరు ఎంచుకోవచ్చు. సెర్చ్‌లో మొదట వచ్చే వేరే సైట్లలో ఏ సిస్టమ్‌వో, ఏ కాలంవో తెలియని పేజీలు ఉంటాయి.

రెండో నిధి యూఎస్‌ఆర్-షేర్-డాక్ డైరెక్టరీ. మీరు వేసుకున్న దాదాపు ప్రతి ప్యాకేజీకి అక్కడ ఒక ఫోల్డర్ ఉంటుంది. కొన్నిట్లో కాపీరైట్, మార్పుల చిట్టా తప్ప ఏమీ ఉండవు. కానీ రీడ్‌మీ డాట్ డెబియన్ అనే ఫైలు కనిపిస్తే మాత్రం తప్పకుండా చదవండి. ఆ సాఫ్ట్‌వేర్ అసలు తయారీదారులు చెప్పేదానికీ డెబియన్‌లో ఉన్నదానికీ తేడా ఎక్కడుందో అందులో రాస్తారు. అపాచీ వెబ్ సర్వర్ దీనికి మంచి ఉదాహరణ. దాని అధికారిక డాక్యుమెంటేషన్ చదివి హెచ్‌టీటీపీడీ డాట్ కాన్ఫ్ ఫైలు కోసం డెబియన్‌లో వెతికితే దొరకదు. ఇక్కడ ప్రధాన ఫైలు అపాచీ2 డాట్ కాన్ఫ్, సైట్లు, మాడ్యూళ్లు విడివిడి డైరెక్టరీల్లో ఉంటాయి, వాటిని ఆన్ చేయడానికి, ఆఫ్ చేయడానికి వేరే కమాండ్లున్నాయి. ఇదంతా ఆ రీడ్‌మీలో ఉంది. అపాచీ వేయగానే బ్రౌజర్‌లో కనిపించే మొదటి పేజీ కూడా మిమ్మల్ని ఆ ఫైలు వైపే పంపిస్తుంది. కొన్ని ఫైళ్లు జీజెడ్‌గా కుదించి ఉంటాయి, జెడ్‌లెస్‌తో నేరుగా చదవొచ్చు. ఏ ప్యాకేజీ ఏయే ఫైళ్లు పెట్టిందో ప్యాకేజీలు చూసుకునే డీపీకేజీ కమాండ్‌కి పెద్ద ఎల్ ఆప్షన్ ఇస్తే జాబితా వస్తుంది, ఒక ఫైలు ఏ ప్యాకేజీదో పెద్ద ఎస్ చెబుతుంది. తెలియని ఫైలు ఎదురైనప్పుడు నేను మొదట వాడేది ఈ రెండోదే. ఇంకా పెద్ద మాన్యువళ్లు కొన్ని విడి ప్యాకేజీలుగా ఉంటాయి, పేరు చివర డాక్ అని చూసి ఆప్ట్‌లో (డెబియన్‌లో ప్యాకేజీలు వెతికి వేసే టూల్) వెతకండి.

ఎర్రర్ మెసేజ్‌ని కూడా డాక్యుమెంటేషన్‌గానే చూడండి. బుక్‌వర్మ్‌లో పైథాన్ సొంత ఇన్‌స్టాలర్ పిప్‌తో పైథాన్ ప్యాకేజీ వేయబోతే, ఈ పైథాన్‌ని బయటి నుంచి నిర్వహిస్తున్నారు అంటూ ఎర్రర్ వస్తుంది. ఇది మీకూ ఎదురయ్యే ఉంటుంది. దాని కిందే ఏం చేయాలో రాసి ఉంటుంది: ఆప్ట్‌లో ఆ ప్యాకేజీ ఉందేమో చూడండి, లేకపోతే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (సిస్టమ్‌తో కలవని విడి పైథాన్ ఫోల్డర్) చేసుకోండి, వివరాలకి యూఎస్‌ఆర్-షేర్-డాక్ కింద పైథాన్ 3.11 ఫోల్డర్‌లోని ఫలానా రీడ్‌మీ చూడండి అని. అయినా చాలామంది మొదటి లైను కాపీ చేసి సెర్చ్‌లో వేసి, సిస్టమ్ ప్యాకేజీలను పాడుచేసినా ఫర్వాలేదు అనే అర్థం వచ్చే ఆప్షన్‌ని తెచ్చి అతికిస్తారు. ఆ ఆప్షన్ పేరులోనే హెచ్చరిక ఉంది. ఎర్రర్ పూర్తిగా, చివరి అక్షరం దాకా చదివితే చాలాసార్లు సెర్చ్ అవసరమే రాదు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. ఒక సర్వీసు పేరు ఇచ్చి సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ కొట్టినప్పుడు వచ్చే వివరాల్లో డాక్స్ అని ఒక లైను ఉంటుంది, ఆ సర్వీసు గురించి ఏ మ్యాన్ పేజీలు చదవాలో చెబుతుంది. సిస్టమ్‌సీటీఎల్ హెల్ప్ అని ఆ సర్వీసు పేరు ఇస్తే ఆ పేజీలనే తెరుస్తుంది. దూరం నుంచి లాగిన్ అవ్వడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసు మీద ప్రయత్నించండి. ఆ దారిలో వెళ్తే ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ పేజీ చేరతారు. అక్కడ మొదట్లోనే ఒక వాక్యం ఉంది: ఒకే సెట్టింగ్ రెండుసార్లు ఉంటే మొదట దొరికిన విలువే చెల్లుతుంది. మనం సహజంగా చివరిది చెల్లుతుందనుకుంటాం. డెబియన్ 11 నుంచి ఆ ఫైలు పైభాగంలోనే ఇంకో డైరెక్టరీలోని ఫైళ్లను కలుపుకునే లైను ఉంటుంది. ఒకసారి ఒక అద్దె సర్వర్‌లో పాస్‌వర్డ్ లాగిన్ ఆపేశాననుకుని ఫైలు అడుగున 'నో' అని రాశాను. ఆ డైరెక్టరీలో ముందే ఉన్న ఒక చిన్న ఫైలు 'యెస్' అంటోంది, అదే చెల్లింది. సర్వర్ కొన్నాళ్లు పాస్‌వర్డ్ లాగిన్‌కి తెరిచే ఉంది. అదృష్టవశాత్తూ ఎవరూ లోపలికి రాలేదు. ఎస్‌ఎస్‌హెచ్‌డీకి పెద్ద టీ ఆప్షన్ ఇస్తే నిజంగా అమల్లో ఉన్న విలువలు చూపిస్తుందని కూడా అక్కడికి దగ్గర్లోని పేజీలోనే చదివి తెలుసుకున్నాను.

రిలీజ్ నోట్స్ గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. కొత్త వెర్షన్‌కి మారే ముందు దాన్ని చదవడం ఐచ్ఛికం కాదు. ముఖ్యంగా 'తెలుసుకోవాల్సిన సమస్యలు' అనే అధ్యాయం. నాకు తెలిసిన ఒకచోట డెబియన్ 10 నుంచి 11కి మార్చారు. సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చే ఆర్కైవ్ చిరునామా రాసే తీరు ఆ వెర్షన్‌లో మారింది. అంతకుముందు రిలీజ్ పేరు పక్కన స్లాష్ పెట్టి అప్‌డేట్స్ అని రాసేవాళ్లం, 11 నుంచి రిలీజ్ పేరు పక్కన చిన్న గీత పెట్టి సెక్యూరిటీ అని, అంటే 11కి బుల్స్‌ఐ-సెక్యూరిటీ అని రాయాలి. వాళ్లు ఫైలులో పాత పేరు ఉన్నచోటల్లా కొత్త పేరు పెట్టేశారు, స్లాష్ అలాగే ఉంది. ఆప్ట్ ఎర్రర్ ఇచ్చింది. ఎర్రర్ పోవాలని ఎవరో ఆ లైను ముందు హ్యాష్ గుర్తు (ఆ లైనుని పట్టించుకోవద్దని చెప్పేది) పెట్టారు. ఎర్రర్ పోయింది, దాంతో పాటు సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా పోయాయి. నేను చూసేసరికి ఐదు నెలలైంది. రిలీజ్ నోట్స్‌లో ఈ మార్పు, కొత్త లైను ఎలా రాయాలి అనే ఉదాహరణతో సహా ఉంది. అలాగే 12లో ఫర్మ్‌వేర్ (హార్డ్‌వేర్ పరికరాలు పనిచేయడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) కోసం నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే కొత్త విభాగం వచ్చింది, 13లో టెంప్ డైరెక్టరీ మామూలుగా మెమరీలోకి మారింది. అక్కడ పెద్ద పెద్ద ఫైళ్లు పెట్టేవాళ్లకి ఈ ఒక్క ముక్క చాలు ఇబ్బంది పడటానికి. మీరు 13కి మారే రోజు వస్తుంది, ఆ రోజు ముందు ఒక గంట ఆ నోట్స్‌కి కేటాయించండి. అప్‌గ్రేడ్ మధ్యలో ఒక్కోసారి స్క్రీన్ నిండా టెక్స్ట్ వచ్చి ఆగుతుంది, చాలామంది విసుగ్గా క్యూ నొక్కేస్తారు. అది ఆ ప్యాకేజీ చూసుకునేవాళ్లు మీకోసం ప్రత్యేకంగా రాసిన వార్త. అది కూడా చదవండి.

వరుసగా పుస్తకంలా చదవాలనుకుంటే రెండున్నాయి. రఫేల్ హెర్ట్‌జోగ్, రోలాండ్ మాస్ రాసిన డెబియన్ అడ్మినిస్ట్రేటర్స్ హ్యాండ్‌బుక్, ఒసాము అవోకీ రాసిన డెబియన్ రిఫరెన్స్. రెండూ ఉచితం, రెండూ ఆప్ట్‌తో ప్యాకేజీలుగా దొరుకుతాయి. మొదటిది కారణాలు వివరిస్తూ నెమ్మదిగా చెబుతుంది, మీలాంటి దశలో ఉన్నవాళ్లకి అదే సరైంది. ప్యాకేజీల అధ్యాయాలు మాత్రం రెండుసార్లు చదవండి, డెబియన్ ప్రాణమంతా అక్కడే ఉంది. రెండోది క్లుప్తంగా, పట్టికలతో ఉంటుంది, కొంత తెలిశాక ఉపయోగం. ఏది తెరిచినా మొదటి పేజీల్లో అది ఏ రిలీజ్ కోసం రాసిందో చూసి చదవండి.

వికీల్లో ఆర్చ్ లినక్స్ (డెబియన్ లాంటి ఇంకో లినక్స్ సిస్టమ్) వికీ చాలా గొప్పది. డెబియన్ వాడేవాళ్లం కూడా రోజూ వాడతాం. కానీ ఒక జాగ్రత్త కావాలి. ఆర్చ్‌లో ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్లు వస్తుంటాయి, మీ డెబియన్ స్థిరంగా ఒక వెర్షన్ దగ్గర ఆగి ఉంటుంది. అక్కడ చెప్పిన ఆప్షన్ మీ దగ్గర ఇంకా రాకపోయి ఉండొచ్చు, ప్యాకేజీ పేరు, ఫైలు ఉండే చోటు వేరుగా ఉండొచ్చు. అందుకని నేను ఆ వికీని విషయం అర్థం చేసుకోవడానికి చదువుతాను, కమాండ్ మాత్రం మళ్లీ నా మెషీన్‌లోని మ్యాన్ పేజీతో సరిచూసుకుని కొడతాను. డెబియన్ సొంత వికీలో కొన్ని పేజీలు చాలా బాగుంటాయి, కొన్ని ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోనివి. పేజీ అడుగున చివరిసారి ఎప్పుడు మార్చారో ఉంటుంది, చూడండి.

హౌటూలకి ఒకప్పుడు పేరున్న లినక్స్ డాక్యుమెంటేషన్ ప్రాజెక్టు వ్యాసాలు ఇప్పటికీ సెర్చ్‌లో వస్తుంటాయి. వాటిలో చాలావరకు కాలం చెల్లినవి. భావనలకి పర్వాలేదు, కమాండ్లకి వద్దు.

వీడియోలు చెడ్డవని అనను. మొదటిసారి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు, స్క్రీన్ మీద ఏం వస్తుందో చూడటానికి బాగా పనికొస్తాయి. కానీ వీడియోలో వెతకలేరు, కాపీ చేయలేరు, అందులో తప్పుంటే సరిదిద్దలేరు. ఏఐ చాట్ టూల్స్ కూడా అంతే, ఎర్రర్ అర్థం చెప్పమంటే బాగానే చెబుతాయి, కానీ లేని ఆప్షన్‌ని ఉన్నట్టు ఎంతో నమ్మకంగా చెప్పడం నేను చాలాసార్లు చూశాను. అవి ఇచ్చిన ప్రతి ఆప్షన్‌నీ మ్యాన్ పేజీలో వెతికి, కనిపిస్తేనే వాడండి. అర నిమిషం పని. సుడోతో (అడ్మినిస్ట్రేటర్ అధికారంతో నడిపించేది) మొదలయ్యే లైను ఎక్కడి నుంచి వచ్చినా అర్థం కాకుండా కొట్టకూడదు.

పక్క సిస్టమ్స్ గురించి కూడా ఒక మాట. ఎప్పుడైనా సరదాగా ఓపెన్‌బీఎస్‌డీ (లినక్స్ కాని ఇంకో యూనిక్స్ తరహా సిస్టమ్) మ్యాన్ పేజీలు తెరిచి చూడండి. అక్కడ డాక్యుమెంటేషన్‌లో తప్పుని కోడ్‌లో తప్పులాగే బగ్‌గా చూస్తారు. అలాంటిదే అయిన ఫ్రీబీఎస్‌డీకి ఒకే చోట చక్కటి హ్యాండ్‌బుక్ ఉంది. కెర్నల్ (సిస్టమ్‌కి గుండె లాంటి భాగం), మూల టూల్స్, డాక్యుమెంటేషన్ అన్నీ ఒకే ప్రాజెక్టు చేతిలో ఉండటం దానికి కారణం. లినక్స్‌లో కెర్నల్ ఒకరిది, సీ లైబ్రరీ ఒకరిది, సిస్టమ్‌డీ ఒకరిది, వీటన్నిటినీ కలిపి ఇచ్చేది డెబియన్. డాక్యుమెంటేషన్ చెల్లాచెదురుగా కనిపించడానికి మూలం అక్కడుంది. ఇది అర్థమైతే 'ఈ ప్రశ్న ఎవరిని అడగాలి' అనేది కూడా తెలుస్తుంది: అపాచీ సెట్టింగ్ అర్థం అపాచీ డాక్స్‌లో, అది ఏ ఫైలులో పెట్టాలో డెబియన్ రీడ్‌మీలో.

కోర్సు గురించి అడిగారు. ఉద్యోగానికి సర్టిఫికెట్ కావాలంటే అది వేరే లెక్క. నేర్చుకోవడానికైతే ఒక పని పెట్టుకోండి. ఉదాహరణకి మీ ఫోటోలు రోజూ ఇంకో డిస్క్‌కి కాపీ అయ్యేలా చేయడం. దానికి ఆర్‌సింక్ (ఫైళ్లు కాపీ చేసే టూల్), సిస్టమ్‌డీ టైమర్ లేదా క్రాన్, ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (ఏ డిస్క్ ఎక్కడ కలపాలో చెప్పే ఫైలు), పర్మిషన్లు అన్నీ కావాలి. ఒక్కోదానికి మ్యాన్ పేజీ తెరుస్తూ పూర్తిచేయండి. వర్చువల్ మెషీన్‌లో చేయండి, మొదలుపెట్టే ముందు స్నాప్‌షాట్ తీసుకోండి, పాడైతే వెనక్కి వెళ్లొచ్చు. ఈటీసీకీపర్ అనే ప్యాకేజీ వేసుకుంటే ఈటీసీలో మీరు చేసిన మార్పులన్నీ గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే టూల్) నిలిచి ఉంటాయి. ఇంకా, ఏం మార్చారో, ఎందుకు మార్చారో, ఎక్కడ చదివారో ఒక టెక్స్ట్ ఫైలులో మీ మాటల్లో, తెలుగులోనే రాసుకోండి. నా దగ్గర అలాంటి ఫైలు ఏళ్లుగా ఉంది, నేను ఎక్కువగా తెరిచే డాక్యుమెంటేషన్ అదే.

ఇంగ్లిష్ అంతగా రాదని కూడా రాశారు. మ్యాన్ పేజీల భాష కష్టంగా కనిపిస్తుంది గానీ అందులో వాడే మాటలు తక్కువ, మళ్లీ మళ్లీ అవే వస్తాయి. ఒక ఇరవై పేజీలు చూశాక ఆ వాక్యాల తీరు అలవాటైపోతుంది. తెలియని మాట వస్తే ఆ నోట్స్ ఫైలులోనే తెలుగు అర్థం రాసుకోండి.

అన్నీ చూసినా దొరకనప్పుడు అడగండి, మొహమాటం అక్కర్లేదు. వెర్షన్, కొట్టిన కమాండ్, వచ్చిన ఎర్రర్ మొత్తం, ఏ మ్యాన్ పేజీ చదివి ఎక్కడ ఆగిపోయారో రాయండి. అలా రాసిన ప్రశ్నకి అనుభవం ఉన్నవాళ్లు ఇష్టంగా జవాబిస్తారు. డెబియన్ బగ్ ట్రాకర్‌లో ఆ ప్యాకేజీ పేరుతో వెతకడం కూడా మరవకండి, మీ సమస్య అక్కడ పరిష్కారంతో సహా ఉండొచ్చు.

ఇక ఇవాళ్టికి మీ లాగ్ పని పూర్తిచేయండి. వార్-లాగ్‌లోని రీడ్‌మీ చదివాక మ్యాన్ జర్నల్‌సీటీఎల్ తెరిచి మూడు ఆప్షన్లు వెతకండి: ఈ బూట్‌లోని లాగులకి బి, ఒక సర్వీసుకి యు, తీవ్రతని బట్టి వడకట్టడానికి పి. మామూలు యూజర్‌గా కొడితే మీ సొంత లాగులు మాత్రమే కనిపిస్తాయి. సిస్టమ్ లాగులు కావాలంటే మీరు ఏడీఎమ్ లాంటి గ్రూపులో ఉండాలి, లేదా సుడో వాడాలి. ఇది కూడా ఆ పేజీలోనే ఉంది. పాత పద్ధతిలో టెక్స్ట్ ఫైలే కావాలనుకుంటే ఆప్ట్‌తో ఆర్‌సిస్‌లాగ్ వేసుకోవచ్చు, సిస్‌లాగ్ ఫైలు తిరిగి వస్తుంది. పి ఆప్షన్‌కి ఎర్ర్ అని ఇచ్చి చూసినప్పుడు అర్థంకాని లైన్లు ఏమైనా వస్తే, వాటిని ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.